శుక్రవారం వేసి ఆదివారం తుడిచే రంగు

ప్రశ్న: నా వయసు 32. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పటి నుంచీ బొమ్మలు గీసే అలవాటు ఉంది. రెండేళ్లుగా ఆ సరదా కాస్తా గోళ్ల మీదికి మళ్లింది. శుక్రవారం రాత్రి తీరిగ్గా కూర్చుని పది గోళ్లకీ నెయిల్ పాలిష్ వేసుకుంటాను. బొటనవేలి మీద గుడ్లగూబ, మిగతావాటి మీద చుక్కలు, గీతలు, ఒక్కోసారి మెరుపులు. ఆదివారం రాత్రి మొత్తం తుడిచేస్తాను. మెరుపుల రంగు ఓ పట్టాన ఊడకపోతే గీకేస్తాను కూడా. ఈలోగా ఎవరైనా ఎదురుపడితే చేతులు జేబుల్లో పెట్టేసుకుంటాను.

నా భార్యకు తెలుసు. ఒక్కోసారి తనే కుడిచేతికి వేసి పెడుతుంది. కానీ ‘ఇంట్లో మీ ఇష్టం, బయటికి మాత్రం వద్దు’ అంటుంది. ఈ మధ్య మా అన్నయ్య చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి చూశాడు. ‘ఏంట్రా ఈ ఆడంగి వేషాలు’ అని అందరి ముందూ పగలబడి నవ్వాడు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. దానికి తోడు గోళ్లు కూడా పాడయ్యాయి. తెల్లటి గరుకు మచ్చలు, కొసల్లో పొరలు లేవడం. వద్దురా అని గోళ్లే చెప్తున్నాయేమో అనిపిస్తోంది. మానేయమంటారా? పోనీ, తరచూ తుడిచే పని లేకుండా రెండు వారాలు ఉండే జెల్ కిట్ కొనుక్కోమంటారా? ఆఫీసుకి వేసుకుని వెళ్లొచ్చా? అసలు నేను తేడానా?

ఇంకో చిన్న సందేహం. చిక్కబడిపోయిన రంగు సీసాలను పారేయాల్సిందేనా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు తేల్చాల్సింది గోళ్ల సంగతి. అన్నయ్య విషయం కాసేపు ఆగుతుంది.

మనకు కనిపించే గోరులో ప్రాణం ఉండదు. కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో నిండిన చచ్చిన కణాలు పొరలు పొరలుగా అతుక్కుని గోరవుతాయి. గోరు పుట్టే చోటు లోపల ఉంటుంది, గోటి మొదట్లో చర్మం కింద. అక్కడికి కావలసిన ఆక్సిజన్, పోషకాలు రక్తం ద్వారానే అందుతాయి. అందుకే ‘గోళ్లకి గాలాడాలి, రంగేస్తే ఊపిరాడదు’ అనే మాటలో పస లేదు. రంగు పైపైనే కూర్చుంటుంది. బేస్ కోట్ (రంగు కింద వేసే తొలి పూత) లేకుండా ముదురు రంగులు అదేపనిగా వేస్తే పసుపు మరకలు పడొచ్చు. గోరు పెరిగేకొద్దీ అవీ పోతాయి.

మరి మీ గోళ్లకేమైంది? వారం వారం పది గోళ్లకీ రిమూవర్ పట్టించి రుద్దుతున్నారు. అందులోని అసిటోన్ రంగుతో పాటు గోటిలో ఉన్న తేమనీ నూనెనీ లాగేస్తుంది. ఎండిపోయిన గోరు పెళుసెక్కుతుంది, కొస దగ్గర పొరలు విడిపోతుంది. చాలదన్నట్టు గీకుడొకటి. గోరు మొత్తం మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. మెరుపు రేణువులతో పాటు అందులోంచి పై పొరని కూడా చెక్కి పారేస్తున్నారు. మీరు చెప్పిన తెల్లటి గరుకు మచ్చలు చాలావరకు అలా పొర లేచిపోయిన చోట్లే అయ్యుంటాయి.

శ్రద్ధగా వేస్తే మామూలు నెయిల్ పాలిష్ ఐదు రోజుల నుంచి వారం దాకా నిలుస్తుంది. మీరు రెండో రోజే దాని పని పడుతున్నారు. గోళ్లు ఏదో చెప్తున్నాయని మీకనిపిస్తే, అవి వేసుకోవద్దని చెప్పడం లేదు, తుడవద్దంటున్నాయి. ఆ రంగుతోనే సోమవారం ఆఫీసుకి వెళ్లే ధైర్యం మీకు ముందే ఉండుంటే ఈపాటికి మీ గోళ్లు నిక్షేపంగా ఉండేవి. ఇది మిమ్మల్ని దెప్పడానికి అనడం లేదు. దాచుకోవడం వల్ల మనసుకి మాత్రమే ఇబ్బంది అనుకుంటాం. మీ విషయంలో అది గోళ్లకీ ఎక్కింది.

పాడైన గోరు బాగుపడదు, పెరిగి కత్తెరకి వస్తుంది, అంతే. చేతిగోళ్లు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. మొదలు నుంచి కొస దాకా కొత్త గోరు రావడానికి ఆరు నెలలు పడుతుంది. మీ మచ్చలు పైపైనే ఉన్నాయి కాబట్టి అన్నాళ్లు ఎదురుచూడక్కర్లేదు, రెండు మూడు నెలల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపిస్తుంది. ఈలోగా గోళ్లు పొట్టిగా ఉంచండి. పొరలు లేచిన చోట లాగకుండా సన్నటి నెయిల్ ఫైల్‌తో ఒకే దిక్కుగా రాయండి, రంపం కోసినట్టు ముందుకీ వెనక్కీ కాదు. రాత్రి పడుకునే ముందు గోటి చుట్టూ ఏదైనా నూనె మర్దనా చేయండి. మూడు వారాలు రంగుకి సెలవు ఇవ్వండి. గాలాడటానికి కాదు, రిమూవర్ నుంచి కాస్త ఊపిరి పీల్చుకోవడానికి.

మెరుపుల రంగుతో గొడవపడే మనుషులు లోకంలో మీరొక్కరే కాదు. దాన్ని రుద్దకూడదు, నాననివ్వాలి. గోరంత దూది ముక్కని రిమూవర్‌లో తడిపి గోటి మీద పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ ముక్క చుట్టి ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత వేలిని మెల్లగా నొక్కుతూ ఫాయిల్‌ని లాగితే రేణువులన్నీ దూదితో పాటే వచ్చేస్తాయి. మామూలు రంగుకైతే తడిపిన దూదిని అర నిమిషం అదిమి పట్టుకుని ఒక్కసారి కొస వైపుకి తుడిస్తే సరిపోతుంది. ఇంకెప్పుడూ గీకకండి.

రంగు లేని ఈ మూడు వారాల్లో గోళ్లను ఒకసారి వెలుతురులో పరిశీలనగా చూసుకోండి. గోరు చర్మాన్ని వదిలి పైకి లేస్తున్నా, ఆకుపచ్చగా మారుతున్నా, మందమై పిండిలా రాలుతున్నా స్కిన్ డాక్టర్‌కి చూపించాలి. ముఖ్యంగా ఒకే గోటి మీద గోధుమ రంగులోనో నలుపులోనో నిలువు చార కొత్తగా వచ్చినా, ఉన్నది వెడల్పవుతున్నా ఆలస్యం చేయకండి. చాలాసార్లు అది ఏమీ కాదు. అరుదుగా మాత్రం గోటి కింద వచ్చే మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు. ఎప్పుడూ రంగు వేసుకునేవాళ్లకి ఉన్న ఇంకో చిక్కు, కింద ఏం జరుగుతోందో కనబడకపోవడం. ఒక రంగు తీసి ఇంకోటి వేసే ముందు చూసుకుంటే సరి.

జెల్ కిట్ మాత్రం వద్దు. మామూలు రంగు ఎలా ఆరుతుందంటే, అందులోని ద్రావకాలు ఆవిరైపోతాయి, నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం పొరలా మిగులుతుంది. మళ్లీ రిమూవర్ తగిలితే కరుగుతుంది. జెల్ అలా కాదు. అందులో ఉండే అక్రిలేట్లు అనే రసాయనాలు యూవీ దీపం వెలుతురులో ఒకదానికొకటి పెనవేసుకుని గట్టిపడతాయి, అందుకే అంత మొండిగా నిలుస్తుంది, తీయడమూ అంత కష్టం. ఆదివారం రాత్రి మామూలు రంగునే గీకే మనిషి చేతిలో జెల్ పడితే ఏమవుతుందో ఊహించుకోగలను.

దానికంటే పెద్ద భయం అలర్జీ. సరిగ్గా గట్టిపడని జెల్ పదేపదే చర్మానికి తగిలితే కొందరికి అక్రిలేట్లు పడకుండా పోతాయి, వేళ్ల చుట్టూ దురద, పొక్కులు వస్తాయి. ఆ అలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా పోదు. పళ్ల వైద్యంలో, కొన్ని ఆపరేషన్లలో వాడే పదార్థాల్లోనూ అక్రిలేట్లు ఉంటాయి కాబట్టి గోటితో మొదలైన తంటా అక్కడిదాకా రావచ్చు. ఇంట్లో సొంతంగా వేసుకునేవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. జెల్‌ని గట్టిపరచడానికి వాడే టీపీవో అనే రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య ఉత్పత్తుల్లో నిషేధించింది కూడా. ఎప్పుడైనా సరదా పుడితే పని తెలిసినవాళ్ల దగ్గర వేయించుకోండి, తీయించుకోవడానికీ వాళ్ల దగ్గరికే వెళ్లండి.

ఇక మీరు చివర్లో, మొహమాటంగా అడిగిన ప్రశ్న. తేడానా అని. మగవాడు గోళ్లకి రంగేసుకుంటే తెలిసేది ఒక్కటే, అతనికి గోళ్లకి రంగేసుకోవడం ఇష్టమని. ఎవరిని ప్రేమిస్తాడో, తనని తాను ఏమనుకుంటాడో గోరు చెప్పదు. వేసుకునేవాళ్లలో మగవాళ్లని ప్రేమించే మగవాళ్లూ ఉన్నారు, పెళ్లాం పిల్లలతో ఉన్నవాళ్లూ ఉన్నారు, తాము ఆడా మగా అనే గీతకి ఎటువైపూ కాదనుకునేవాళ్లూ ఉన్నారు. ఎవరికీ ఏ లోటూ లేదు. అందుకే ఒక చిన్న మనవి. రేపు ఎవరైనా ఎగతాళి చేస్తే ‘ఛఛ, నేను అలాంటివాణ్ని కాదు’ అని సంజాయిషీ ఇచ్చుకోకండి. ఆ మాటతో మీరు తప్పించుకోవచ్చు గానీ, అలాంటివాళ్లలో తప్పుందని ఒప్పుకున్నట్టవుతుంది.

ఈ పిచ్చి ఈమధ్య మొదలైందేమో అని మీ మనసులో ఏ మూలో ఉన్నట్టుంది. ఈజిప్టులో సక్కారా అనే చోట 1964లో ఒక సమాధి బయటపడింది. ఐదో రాజవంశం కాలం నాటిది, అంటే నాలుగు వేల ఏళ్ల పైమాటే. అందులో నియాంఖ్‌ఖ్నుమ్, ఖ్నుమ్‌హోటెప్ అనే ఇద్దరు మగవాళ్లను కలిపి సమాధి చేశారు. న్యూసెర్రే అనే రాజు కొలువులో వాళ్ల ఉద్యోగం ఏమిటో గోడల మీదే చెక్కి ఉంది. రాజభవనంలో గోళ్ల పనివాళ్లకి పెద్దలు. బొమ్మలతో నిండిన గోడలున్న సమాధి దక్కిందంటే అదేమీ చిన్నాచితకా ఉద్యోగం కాదు. ఒక మగవాడి గోళ్లని ఇద్దరు మగవాళ్లు చూసుకోవడం అక్కడ గౌరవం.

మనం సీసాలో చూసే రంగు కథ మరీ తమాషా. 1920ల్లో కార్లకి వేసే త్వరగా ఆరే పెయింట్ నైట్రోసెల్యులోజ్‌తోనే చేసేవారు. గోళ్ల రంగుకీ అదే పనికొచ్చింది. 1932లో రెవ్లాన్ అనే కంపెనీ పుట్టింది ఒకే ఒక్క సరుకుతో, ముద్దగా పట్టే గోళ్ల రంగుతో. పెట్టినవాళ్లు రెవ్‌సన్ అన్నదమ్ములిద్దరు, లాక్‌మన్ అనే కెమిస్టు. ముగ్గురూ మగవాళ్లే. సీసా చేసింది మగవాళ్లు, అమ్మింది మగవాళ్లు, ఆడవాళ్ల అరలో పెట్టిందీ వాళ్లే. ఆ అర చూసి మీ అన్నయ్య నవ్వారు.

పేరున్న మగవాళ్ల జాబితా కావాలంటే దానికీ కొదవ లేదు. బోనులో దిగి ఎదుటివాణ్ని మట్టికరిపించే యూఎఫ్‌సీ అనే ఫైటింగ్ పోటీల మాజీ ఛాంపియన్ చక్ లిడెల్ కాలిగోళ్లకి రంగేసుకునేవాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కేలబ్ విలియమ్స్ 2022లో కాలేజీ ఆటలో అతిపెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. గోళ్ల అలంకరణ అతని తల్లి వృత్తి, అతను మ్యాచ్‌లకి గోళ్ల మీద అక్షరాలు రాసుకుని దిగేవాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు గెలిచిన నోవా లైల్స్ గోళ్లకీ రంగుంది. గాయకుడు హ్యారీ స్టైల్స్ అయితే 2021లో ఏకంగా ప్లీజింగ్ అనే సొంత బ్రాండ్‌తో గోళ్ల రంగులే తెచ్చాడు. ఇవి మీకు ఊరట కోసం చెప్పాను గానీ, అన్నయ్య దగ్గర ఏకరువు పెట్టకండి. ‘వాళ్లు స్టార్లురా, నువ్వెవరు?’ అంటే మీ దగ్గర జవాబుండదు. స్టార్లకి చెల్లుతుందనేది మీకు చెల్లదనడానికి ఇంకో దారి, అంతే.

నాకు వీళ్లందరికంటే నచ్చే ఉదాహరణ గిటార్ వాయించేవాళ్లది. క్లాసికల్ గిటార్ వాయించే మగవాళ్లు కుడిచేతి గోళ్లు పెంచుతారు, గంటల తరబడి ఫైల్‌తో నున్నగా రాస్తారు, విరగకుండా పైపూతలు వేసుకుంటారు, కొందరు అక్రిలిక్ గోళ్లే పెట్టించుకుంటారు. వాళ్లని చూసి ఎవరూ నవ్వరు. ఎందుకంటే దానికో ప్రయోజనం ఉంది. మగవాడు గోళ్ల మీద ఎంత సమయం పెట్టినా పనికోసం అంటే ఎవరికీ పట్టదు, ఇష్టం అన్నాడా, కారణం చెప్పమని నిలదీస్తారు. మీకు బొమ్మలంటే ఇష్టం. గుడ్లగూబ కళ్లు గోటి మీద కుదిరినప్పుడు మీకు కలిగే సంతోషమే కారణం. ఇంకో కారణం వెతుక్కుని తెచ్చి చూపించాల్సిన అవసరం మీకు లేదు.

అన్నయ్యతో ఒంటరిగా మాట్లాడండి. అందరి ముందూ నవ్వినవాళ్లకి అందరి ముందూ సమాధానం చెప్తే పౌరుషాలకి పోతారు. పెద్ద ఉపన్యాసం వద్దు. ‘అన్నయ్యా, ఆ రోజు నలుగురిలో అలా నవ్వడం నాకు బాధేసింది. బొమ్మ బాగోలేదంటే చెప్పు, దిద్దుకుంటాను. వేసుకోవడం మాత్రం నా ఇష్టం’ అంటే చాలు. ఆయన మారతారని నేను హామీ ఇవ్వలేను. మారకపోతే మళ్లీ మళ్లీ వివరించకండి. రెండోసారి నవ్వితే మాట మార్చేయండి, మూడోసారికి ఆయనకే విసుగొస్తుంది. నవ్వుకి కావలసింది ఎదుటివాడి కంగారు. అది దొరక్కపోతే ఎంతటివాడూ ఎక్కువ కాలం నవ్వలేడు.

మీ ఆవిడ సంగతి వేరు, ఆమెని అన్నయ్యతో ఒకే గాటన కట్టకండి. కుడిచేతికి రంగేసిచ్చే మనిషికి మీ ఇష్టం మీద ఏ అభ్యంతరమూ లేదు. ఆమె భయమల్లా బయట తనకి ఎదురయ్యే ప్రశ్నల గురించి అయ్యుండొచ్చు. మీరు జేబులో చేతులు పెట్టుకుని తప్పించుకుంటారు. ‘ఏంటి మీ ఆయన అలా?’ అని అడిగితే తప్పించుకోవడానికి ఆమెకి జేబు కూడా లేదు. ‘ఎవరు ఏమంటారని నీ భయం? ఎవరి ముందు నీకు ఇబ్బంది?’ అని నిదానంగా అడిగి, వినండి. బహుశా ఆమె ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్తారు, లోకమంతా కాదు. ఆ ఇద్దరు ముగ్గురి ఎదుట ఏం చెయ్యాలో ఇద్దరూ కలిసి అనుకోండి. కొన్నాళ్లు వాళ్లింటికి వెళ్లేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్లడానికి మీరు ఒప్పుకున్నా అది ఓటమేమీ కాదు. కానీ ఆమెకి చెప్పకుండా ఓ రోజు రంగుతో బయటికి నడిచి చూపిద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

ఆఫీసుకి వెళ్లే ముందు డ్రెస్ కోడ్ కాగితం ఒకసారి తీసి చదవండి. గోళ్ల గురించి ఏమీ లేకపోయినా, అందరికీ ఒకటే రాసినా మీకు దారి ఉన్నట్టే. ఆడవాళ్లకి పర్లేదు, మగవాళ్లకి కుదరదు అని ఉంటే హెచ్ఆర్‌ని ముందే అడగడం మంచిది. కొన్ని ఉద్యోగాల్లో గోళ్ల మీద ఆంక్షలకి నిజమైన కారణాలుంటాయి. రోగుల్ని తాకే ఆసుపత్రి సిబ్బంది అతికించే గోళ్లు పెట్టుకోకూడదని, సొంత గోళ్లు పొట్టిగా ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతుల శుభ్రత మార్గదర్శకాల్లోనే ఉంది. పెచ్చులూడిన రంగులో సూక్ష్మజీవులు చేరతాయి. వంటలు చేసేచోటా అంతే, రంగు పెచ్చు పళ్లెంలో పడితే ఎవరూ ఊరుకోరు. లెక్కల పుస్తకాలకి ఆ బాధలేవీ లేవు. అన్నట్టు, ఎప్పుడైనా ఆపరేషన్‌కి వెళ్లాల్సి వస్తే రంగు తీసేసి వెళ్లండి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ వెలుతురుని గోటి గుండా పంపి కొలుస్తుంది, ముదురు రంగులుంటే లెక్క తప్పొచ్చు.

మొదటిరోజు ఏం వేసుకెళ్లాలి? చాలామంది రంగులేని పారదర్శకపు పాలిష్‌తో మొదలుపెట్టమంటారు. నా మాటైతే వద్దు. ఎవరికీ కనిపించనిది వేసుకెళ్తే మీ భయం ఉన్నచోటే ఉంటుంది. మెరుపు లేని ముదురు నీలమో, బూడిద రంగో, పైన మ్యాట్ టాప్ కోట్ (మెరుపు లేని చివరి పూత)తో వేసుకోండి. పదీ కాకపోతే ఒక్క చిటికెనవేలికి వేసుకున్నా చాలు. పిల్లల మీద హింసకి వ్యతిరేకంగా ఆస్ట్రేలియాలో మొదలైన పాలిష్డ్ మ్యాన్ అనే కార్యక్రమంలో మగవాళ్లు సరిగ్గా అదే చేశారు, ఒక్క గోటికే రంగేసుకున్నారు, ఎవరైనా అడిగితే సంగతి చెప్పి విరాళాలు పోగుచేశారు. అడిగించుకోవడానికి ఒక్క గోరు చాలన్నమాట. గుడ్లగూబని రెండో నెలకి అట్టిపెట్టండి. ఏది వేసినా అంచులు నీటుగా ఉండాలి. పెచ్చులూడిన రంగు ఎవరి చేతికీ అందం కాదు, మగవాడి చేతికైతే దాన్నే పట్టుకుని మాట్లాడతారు. అన్యాయమే, కానీ మొదటి వారం ఆ అవకాశం ఎందుకివ్వాలి?

ఎవరైనా ‘ఏంటిది?’ అంటే ‘నెయిల్ పాలిష్’ అనండి. ‘ఎందుకు?’ అంటే ‘బాగుంటుందని’ అనండి. ఇంతకు మించి చెప్పాల్సిందేమీ ఉండదు. గోళ్ల రంగు ఒక్కోసారి పెద్ద మాటే మాట్లాడుతుంది, నిజమే. 2013లో మాస్కోలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పుడు, స్వలింగ సంపర్కుల గురించి రష్యా తెచ్చిన చట్టానికి నిరసనగా స్వీడన్ హైజంపర్ ఎమ్మా గ్రీన్ ట్రెగారో అర్హత పోటీలో గోళ్లకి ఇంద్రధనుస్సు రంగులు వేసుకుంది. నిబంధనలకి విరుద్ధం కావచ్చని హెచ్చరిస్తే ఫైనల్‌కి ఎర్ర రంగు వేసుకుని వచ్చింది. ఆమె చెప్పదలుచుకున్నది ఉంది, చెప్పింది. మీరు ఏ జెండా మోయక్కర్లేదు. చుక్కలంటే ఇష్టమైతే చుక్కలే పెట్టుకోండి.

చుక్కలన్నారు కాబట్టి పనితనం గురించి నాలుగు మాటలు. బేస్ కోట్ మానకండి, మరకలు ఆపేది అదే. రంగుని ఒక్క మందపాటి పూతగా కాక రెండు పల్చటి పూతలుగా వేయండి. మందంగా వేస్తే పైన ఆరి లోపల తడిగా ఉండి బుడగలొస్తాయి. గోటి మొదట్లో చర్మానికి వెంట్రుకవాసి దూరం వదలండి, కొసని మాత్రం వదలకండి. బ్రష్‌తో కొస అంచు మీద కూడా ఒక్కసారి రాస్తే పెచ్చులూడటం చాలావరకు తగ్గుతుంది. సన్నటి బొమ్మలకి నెయిల్ పాలిష్ కంటే మామూలు అక్రిలిక్ పెయింటే సుఖం. నీళ్లతో పల్చబడుతుంది, కన్ను వంకర పోతే ఆరకముందే తడి బ్రష్‌తో తుడిచి మళ్లీ దిద్దుకోవచ్చు, కింది రంగు చెక్కుచెదరదు. చుక్కలకి గుండుసూది తలకాయ చాలు. బొమ్మ పూర్తిగా ఆరాకే టాప్ కోట్ వేయండి. బ్రష్ నిండా ముంచి, గోటికి బ్రష్ వెంట్రుకలు తగలకుండా ద్రవం మాత్రమే పరుచుకునేలా ఒక్కసారి లాగాలి. రుద్దితే గుడ్లగూబ కాస్తా మసి మరకవుతుంది.

కుడిచేతికి మీరే వేసుకోవాల్సి వస్తే ముందు ఆ చేతితోనే మొదలుపెట్టండి, ఓపిక అప్పుడే ఎక్కువ ఉంటుంది. రెండు మోచేతులూ బల్లకి ఆనించి, ఎడమచేతిలోని బ్రష్‌ని కదపకుండా కుడిచేతి వేలినే మెల్లగా తిప్పండి. చర్మానికి అంటిన రంగుని సన్నటి బ్రష్‌ని రిమూవర్‌లో ముంచి అంచు వెంట గీస్తే పోతుంది. ముట్టుకుంటే ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. వేసుకున్న వెంటనే పడుకుంటే తెల్లారేసరికి దుప్పటి నేత గోళ్ల మీద అచ్చు పడి ఉంటుంది.

చిక్కబడ్డ సీసాలు పారేయక్కర్లేదు. చాలామంది రిమూవర్ కలుపుతారు, దాంతో రంగు పాడవుతుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ అని విడిగా దొరుకుతుంది, రంగులో మొదట ఉన్న ద్రావకాలే అందులో ఉంటాయి. రెండు మూడు చుక్కలు వేసి, మూత బిగించి, సీసాని అరచేతుల మధ్య దొర్లించండి. చాలకపోతే ఇంకో చుక్క. సీసా మూతి దగ్గర గడ్డకట్టిన రంగుని మాత్రం రిమూవర్‌లో తడిపిన దూదితో తుడిచేయండి, మూత సరిగ్గా పడకే అవి అంత త్వరగా చిక్కబడుతున్నాయి. ఈ పని కిటికీ తీసి ఉంచి, పొయ్యికి దూరంగా చేసుకోండి. అందులోని ద్రావకాలు ఇట్టే అంటుకుంటాయి.